మోడెం గారి కారుణ్య నియామకం

కనకవల్లి ఇంట్లో మోడెం పిడుగుపాటుకి పోయింది. పోయిందంటే చెడిపోయిందని, మనుషులు పోయినట్టు కాదని ఆవిడ అనుకుంది. చదువుకున్న మనిషే అయినా ఆవిడకి అప్పటికి అంతర్జాల సహకార సంస్థ వారి కొత్త విధానం తెలియదు.

కాకినాడలో వాళ్లుండే వీధికి ఇంటర్నెట్టు ఇచ్చేది ఆ సంస్థ ఒక్కటే. అందులో పనిచేసే యేసుపాదం మర్నాడు వచ్చి, మాడు కంపు కొడుతున్న పాత పెట్టె ఊడదీసి, కొత్త మోడెం బిగించాడు. పచ్చదీపం వెలగ్గానే "ఆయ్, అయిపోయిందండి" అని చెప్పి, ఇచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయాడు. అతను అబద్ధమేమీ చెప్పలేదు. మోడెంలో పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతోంది. కానీ మోడెం దగ్గర పుచ్చుకుని ఇల్లంతా పంచిపెట్టే రౌటరు పక్కనే ఉంది కదా, దాంట్లో మాత్రం ఎర్రదీపం వెలుగుతోంది. ఇంటర్నెట్టు గుమ్మం దాకా వచ్చి లోపలికి రానని మొరాయిస్తోందన్నమాట.

కనకవల్లి మొగుడు భానోజీరావు పోర్టు దగ్గర ఒక ఎగుమతుల కంపెనీలో గుమాస్తా. ఇలాంటి వాటిలో తన చెయ్యి తిరిగినదని ఆయన నమ్మకం. ముందు రౌటరు ఆపి వేశాడు. తర్వాత మోడెం ఆపి వేశాడు. తర్వాత రెండూ ఆపి, తీరిగ్గా టీ తాగి, ముందు మోడెం వేసి, అది నిలదొక్కుకున్నాక రౌటరు వేశాడు. తీగ ఒక రంధ్రంలోంచి పీకి ఇంకో రంధ్రంలో పెట్టాడు. రౌటరు వెనకాల ఉండే సన్నటి బెజ్జంలో పిన్నీసు గుచ్చి, దాని గతమంతా మరిచిపోయేలా చేశాడు. అది గతం మరిచిపోయింది, పాస్‌వర్డూ మరిచిపోయింది, ఎర్రదీపం మాత్రం మరవలేదు. చివరికి ఆయన సహనం కోల్పోయి దాని నెత్తిన ఒక్కటిచ్చాడు.

"కొడితే పలకడానికి అదేం పాత టీవీ అనుకున్నారా? ముందు వాళ్లకి ఫోన్ చెయ్యండి," అంది కనకవల్లి.

ఆవిడ కంగారుకి కారణముంది. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా ఆవిడకి పెళ్లయింది. పెళ్లయ్యాక పుస్తకాలు అటకెక్కాయి, సంసారం నెత్తికెక్కింది. ఇన్నేళ్ల తర్వాత పట్టుబట్టి దూరవిద్యలో ప్రభుత్వ పాలనాశాస్త్రం డిగ్రీకి చేరి, పప్పు కుక్కర్లో పడేసి ఒక పాఠం, అది దించేలోపు ఇంకో పాఠం చదివి, రాతపరీక్షలన్నీ గట్టెక్కింది. మిగిలింది నెలాఖరున జరిగే మౌఖిక పరీక్ష ఒక్కటే. అది కంప్యూటర్ ముందు కూర్చుని చెప్పాలి. ఒకరి బదులు ఇంకొకరు కూర్చుంటున్నారని అనుమానమొచ్చి, విశ్వవిద్యాలయం వారు ఒక షరతు పెట్టారు. దరఖాస్తులో రాసిన కనెక్షను నంబరు నుంచే హాజరు కావాలి. ఫోన్లో కుదరదు, పక్కింట్లో కుదరదు, ఇంటర్నెట్టు సెంటర్లో అసలే కుదరదు. తప్పిపోతే ఆ ఏడాది మొత్తం మళ్లీ చదవాలి. మళ్లీ చదవమంటే తను ఇక చదవదని కనకవల్లికి తెలుసు. పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఫోన్లో అమ్మాయి ఎవరో తియ్యగా చెప్పింది. ప్రతి మోడెంకీ పుట్టుకతో వచ్చిన నంబరొకటి ఉంటుందట. సంస్థ కంప్యూటరు ఇంకా పాత మోడెం నంబరునే గుర్తుపడుతోందట, కొత్తదాన్ని ఎవరో పరాయివాడనుకుని రానివ్వడం లేదట. "మార్చడం నిమిషం పనే మేడం. మీ దగ్గర్లోని ఆఫీసుకి వెళ్లండి చాలు," అంది.

మొగుడూ పెళ్లాం ఆఫీసుకి వెళ్లారు. గుమ్మం మీద రంగు కాగితాలతో ఒక తోరణం, దాని కింద "పరికరమే మన వినియోగదారు" అని బట్ట మీద రాసి కట్టారు. లోపల గోడ మీద కూడా బట్ట మీద అదే నినాదం, దాని కింద ఒక మోడెం ఫోటోకి దండ వేసి, సాంబ్రాణి కడ్డీ గుచ్చి ఉంది. దాని కింద బల్ల వెనకాల పరికర సంక్షేమాధికారి శరభలింగం గారు కూర్చుని ఉన్నారు. నిండైన మనిషి, నుదుట విభూతి, జేబులో మూడు రంగుల కలాలు.

"కూర్చోండమ్మా. తమరు ఎవరి తాలూకు?" అన్నాడాయన.

"ఎవరి తాలూకూ కాదండి. కనెక్షను నా పేరు మీదే ఉంది."

శరభలింగం జాలిగా నవ్వాడు. "అది పాతకాలపు దృక్పథమమ్మా. ఉగాది నుంచి సంస్థ ఆలోచనా సరళి సమూలంగా మారింది. మనిషి ఇల్లు మారుస్తాడు, ఊరు మారుస్తాడు, సంతకం మారుస్తాడు. పరికరం మార్చదు. పుట్టిన నంబరుతోనే సేవ చేసి, ఆ నంబరుతోనే కన్నుమూస్తుంది. అంచేత నికార్సయిన వినియోగదారు పరికరమేనని పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. తమరు దాని మీద ఆధారపడిన కుటుంబీకులు."

"అలాగే కానివ్వండి. ఆ నంబరొక్కటి మార్చేస్తే మేం వెళ్లిపోతాం," అన్నాడు భానోజీరావు.

"నిమిషం పనండి. కానీ మార్చమని వినియోగదారు అడగాలి కదా. ఆయన అడిగారా?"

"ఎవరండి?"

"మీ మోడెం గారు."

"అది పోయిందండి బాబూ!" అంది కనకవల్లి.

శరభలింగం చివాల్న లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి గుమాస్తాలంతా లేచారు. కొత్త మోడెం కోసం వచ్చిన ఇద్దరు బయటివాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే లేచారు. అందరూ తలలు వంచుకున్నారు. కనకవల్లికి నవ్వాలో ఏడవాలో తోచలేదు. అందరితోపాటు తనూ తల వంచుకుంది.

"ముందే చెప్పొద్దా అమ్మా," అన్నాడాయన కూర్చుంటూ, గొంతు తగ్గించి. "చెడిపోతే మరమ్మతుల విభాగం చూస్తుంది. పోతే మా విభాగమే చూడాలి. మరణం ధ్రువపడితే వారసత్వం తేలుస్తాం. వారసత్వం తేలితే నంబరు. అంతే, చాలా సులువు. భౌతికకాయం ఇంట్లోనే ఉంచారా?"

కనకవల్లి మొగుడి వైపు చూసింది. మొగుడు నేల వైపు చూశాడు.

"ఉల్లిపాయలకి ఇచ్చేశానండి," అన్నాడు భానోజీరావు.

వాళ్ల వీధిలోకి వారం వారం ఒక బండి వస్తుంది. పాత ఇనుము, పాత ప్లాస్టిక్కు ఏదిచ్చినా బదులు ఉల్లిపాయలిస్తాడు. పగిలిన బక్కెట్టు, తెగిన చెప్పులు, పాడైన మిక్సీ, ఏదైనా సరే ఆ బండి ఎక్కకుండా ఆ ఇంట్లోంచి బయటికి పోవడం భానోజీరావుకి సుతరామూ ఇష్టముండదు. యేసుపాదం పాత మోడెం ఊడదీసిన పూటే బండి రావడం తన అదృష్టమని కూడా ఆయన అప్పుడు అనుకున్నాడు.

శరభలింగం చెవులు మూసుకుని తెరిచాడు. "ఇన్నేళ్లు మీ ఇంటికి సేవ చేసిన ప్రాణిని... పోనీ ఎన్నిచ్చాడు?"

"దోసెడండి. అందులో రెండు కుళ్లినవి."

"రావుగారూ, కాయం లేకపోతే అది మరణం కాదు, అదృశ్యం. అదృశ్యమైనవారు పోయారని నిర్ధారించాలంటే ఏడేళ్లు ఆగాలి. ఈ నిబంధన మనుషులకి ఎలాగో మాకూ అలాగే. ఏడేళ్ల తర్వాత రండి, నేను రిటైరైపోయినా నా తర్వాతివాళ్లకి చెప్పి వెళ్తాను."

దారి పొడుగునా కనకవల్లి మొగుడితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ తిట్టినా భానోజీరావుకి ఇంత భయం వేసేది కాదు. ఇంటికి కూడా వెళ్లకుండా ఆయన సైకిలెక్కి ఊరు మీద పడ్డాడు. సాయంత్రానికి జగన్నాథపురం వంతెన అవతల ఆ బండి దొరికింది. పాత మోడెం విరిగిన కుర్చీ కింద భద్రంగానే ఉంది. బండివాడు మాత్రం తనిచ్చిన ఉల్లిపాయలు తిరిగిచ్చి తీసుకెళ్లమన్నాడు. అవి ఆ పూటే పకోడీలైపోయాయి. ఆఖరికి భానోజీరావు ఇంటికి పరిగెత్తి, మూత పోయిన కుక్కరు తెచ్చి ఇచ్చి, మోడెంని చంకన పెట్టుకుని వచ్చాడు. కనకవల్లి అప్పుడు మాట్లాడింది.

"ఆ కుక్కరు మూత వంటింట్లోనే ఉందండీ," అంది.

మర్నాడు పంచనామాకి శరభలింగం స్వయంగా వచ్చాడు. వెంట ఒక గుమాస్తా, సాక్షిగా యేసుపాదం. పాత మోడెంని పీట మీద పెట్టారు.

"మృతుడు పిడుగుపాటుకి ముందు ఎలా ఉండేవాడు?" అని మొదలెట్టాడు అధికారి.

"బానే ఉండేదండి. వానొత్తే కొంచెం నీరసపడేది," అన్నాడు యేసుపాదం.

"రౌటరుకీ ఈయనకీ ఏమైనా గొడవలున్నాయా?"

"అప్పుడప్పుడు కనెక్షను కలిసేది కాదండి," అన్నాడు భానోజీరావు అలవాటులో.

"అది రాసుకోవయ్యా," అన్నాడు శరభలింగం గుమాస్తాతో. తర్వాత రౌటరు వైపు తిరిగి, దాని ఎర్రదీపాన్ని చాలాసేపు అనుమానంగా చూశాడు. దాని నెత్తిన దెబ్బ తగిలిన సొట్ట ఒకటి కనిపించేసరికి పెనుగులాట జరిగిందేమోనన్నాడు. ఆ సొట్ట తను పెట్టిందేనని భానోజీరావు ఒట్టేసి చెప్పాక రౌటరు బయటపడింది. సహజం కాని మరణమే గానీ హత్య కాదని తేలింది.

ఇక వారసత్వం. మృతుడి మీద ఆధారపడినవారెవరైనా ఉంటే వచ్చి చెప్పుకోవచ్చని గేటుకి ప్రకటన అంటించారు. అది మామూలు తంతేనని, అభ్యంతరాలు ఎవరూ చెప్పరని గుమాస్తా ధైర్యం చెప్పాడు. ప్రకటన అంటించిన గంటకి పై వాటాలో అద్దెకుండే అబ్బులు చేతులు నలుపుకుంటూ దిగివచ్చాడు.

"వదినగారండి, మరి నేను కూడా ఆయన నీడలోనే బతికానండి," అన్నాడు.

"ఎవరి నీడలో?"

"మోడెం గారి నీడలోనండి. పై వాటాలోకి దిగిన రోజు నుంచీనండి. మీ పాస్‌వర్డు మీ పెద్ద పిన్ని గారి పేరు కదండీ. ఆవిడ పేరు మీరు రోజూ ఫోన్లో గట్టిగా పిలుస్తారండి."

అతని వెనకాల ఎదురింటివాళ్లు, వీధి చివర ఇడ్లీ కొట్టాయన, వాళ్ల బావమరిది వచ్చారు. అందరి కళ్లలోనూ నిజమైన దుఃఖమే ఉంది. పిడుగు పడ్డ రోజు నుంచి వాళ్లకీ సినిమాల్లేవు. కనకవల్లికి ఒళ్లు మండిపోయింది.

"ఓరి మీ దుంపతెగ! నా పాఠాలు ఆగి ఆగి ఎందుకొస్తున్నాయా అని నేను ఆ పిచ్చిమొహం మోడెంని తిట్టుకున్నానయ్యా ఇన్నాళ్లూ!"

శరభలింగం మాత్రం చలించిపోయాడు. ఒక్క పరికరం ఇంతమందిని పోషించడం తన సర్వీసులో చూడలేదన్నాడు. ఆధారితులందరూ అభ్యంతరం లేదని సంతకం పెడితేగానీ ఫైలు కదలదన్నాడు. వాళ్లు చెట్టు కింద చేరి మాట్లాడుకుని, అబ్బుల్ని పెద్దమనిషిగా పంపారు. కొత్త పాస్‌వర్డు కూడా ఇంట్లోవాళ్ల పేరే పెడతానంటే సంతకాలు పెడతామన్నాడు అబ్బులు. కనకవల్లి పళ్లు నూరుకుని ఒప్పుకుంది. పరీక్ష దగ్గరపడుతోంది మరి.

"ఇప్పుడు నంబరు మారుస్తారా?" అని అడిగింది ఆఫీసుకి వెళ్లి.

"ఇంక ఎంతోలేదమ్మా. సర్వీసులో ఉండగా పోయినవారి కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఇస్తాం. ఆ ఖాళీలో మీ కొత్త మోడెంని వేసేస్తే సరి. చిక్కేమిటంటే, అది మీ పాతాయనకి ఏమవుతుంది?"

"ఏమవుతుందేంటండి, రెండూ మీ స్టోర్సులోంచి వచ్చినవే కదా!"

"ఒకే ఊళ్లో పుట్టినంత మాత్రాన చుట్టాలైపోతారామ్మా? పాతాయన కంపెనీ వేరు, దీని కంపెనీ వేరు. దీని తల్లిదండ్రులెవరో పెట్టె మీద కూడా రాయలేదు. దత్తత ఒక్కటే మార్గం. వేడుక ఫోటోలు జతపరచాలి. పేరు కూడా పెట్టాలి. అనామకులకి ఉద్యోగాలివ్వలేం."

కనకవల్లి ఆ సమయానికి తన పాఠ్యపుస్తకంలో సిబ్బంది నియామకాల అధ్యాయం చదువుతోంది. అందులో ఇలాంటిదేదీ లేదు. అయినా పులిహోర కలిపింది, బొబ్బట్లు చేసింది, వీధిలోవాళ్లని పిలిచింది. కొత్త మోడెంకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త తువ్వాల్లో చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఎదురింటావిడ పిలవకుండానే లాలి పాట ఎత్తుకుంది. భానోజీరావు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాశాడు. చి. జాలేశ్వరరావు. అబ్బులు మేనమామ స్థానంలో కూర్చుని, మొదటిసారిగా ఆ ఇంటి మోడెంకి తనూ ఏదో ఇచ్చాడు, ఒక గిలక్కాయ. శరభలింగం మూడు బొబ్బట్లు తిని, నాలుగోది విస్తట్లో ఉంచుకుని, ఫోటోకి నిలబడ్డాడు.

ఇంత జరిగాక నియామకం వస్తుందని ఎవరైనా అనుకుంటారు. వచ్చింది కూడా. కానీ ముందు వయసు దగ్గర ఆగింది. జాలేశ్వరరావు తయారైంది నిరుడు. పరికరానికి ఏడాదంటే మనిషికి పదేళ్లని సంస్థ లెక్క. ఆ లెక్కన పిల్లాడు మైనరు. మైనరు చేత పని చేయిస్తే బాల కార్మిక చట్టం మీద పడుతుందని ప్రధాన కార్యాలయం వారు వణికిపోయి, చివరికి శిక్షణార్థిగా తీసుకోవచ్చని రాశారు. కనకవల్లి కనెక్షను కింద పిల్లాడి నంబరు వాళ్లే కంప్యూటర్లోకి ఎక్కించారు. దానికి నిజంగానే నిమిషం పట్టింది. శరభలింగం రాసిన ఉత్తర్వు చేతికొచ్చిన రోజు కనకవల్లి దేవుడికి దీపం పెట్టి, తెరిచి చదివింది. చదువుతూ చదువుతూ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"ఏమైంది వల్లీ?" అన్నాడు భానోజీరావు.

"పోస్టింగు మనింట్లో ఇవ్వలేదండీ."

కారుణ్య నియామకాల్లో కోరిన చోటు ఇచ్చే సంప్రదాయం లేదట. ఖాళీ ఎక్కడుంటే అక్కడ చేరాలట. జాలేశ్వరరావుని శరభలింగం గారి ఆఫీసులోనే వేశారు. అక్కడి మోడెం కూడా అదే పిడుగుకి పోయిందట. వారసులు లేకపోవడం వల్ల ఆ ఖాళీ అలాగే ఉండిపోయిందట. అంటే ఇన్నాళ్లూ ఇంటర్నెట్టు ఆఫీసులోనే ఇంటర్నెట్టు లేదన్నమాట. ఆ సంగతి ఎవరూ పైకి ఎందుకు రాయలేదని భానోజీరావు వెళ్లి అడిగితే, మోడెం గారు ఫిర్యాదు చెయ్యలేదు కదండీ అని జవాబొచ్చింది.

యేసుపాదం వచ్చి, మొహం చెల్లక కాఫీ కూడా తాగకుండా, జాలేశ్వరరావుని విప్పి పట్టుకుపోయాడు. వెళ్తుంటే ఎదురింటావిడ గుమ్మంలో కళ్లొత్తుకుంది. ఇల్లు బోసిపోయింది. పరీక్ష ఎల్లుండికి వచ్చేసింది. కనకవల్లి వంటింట్లో చతికిలబడి ఏడ్చింది. మోడెం కోసం కాదు, పప్పు కుక్కరు పక్కన కూర్చుని చదివిన పాఠాలన్నిటి కోసం ఏడ్చింది. భానోజీరావు తలుపు దగ్గర నిలబడి ఉల్లిపాయల బండివాణ్ణి తిట్టాడు. ఆ బండివాడి తప్పేమీ లేదని ఆయనకీ తెలుసు. కానీ ఎవరినో ఒకరిని తిట్టాలి.

ఏడుపయ్యాక ఆవిడ మొహం కడుక్కుని ఆ ఉత్తర్వు మళ్లీ చదివింది. రెండోసారి చదివినప్పుడు పెళ్లాం మొహంలో కనిపించిన వెలుగు చూసి భానోజీరావుకి భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కంప్యూటర్ చంకన పెట్టుకుని ఆఫీసుకి వెళ్లింది. జాలేశ్వరరావు శరభలింగం గారి బల్ల మీద పచ్చదీపంతో కళకళలాడుతున్నాడు.

"సంరక్షకురాలికి కుర్చీ వేయించండి," అంది కనకవల్లి.

"ఏమిటమ్మా?"

"తమరి సంస్థ లెక్క ప్రకారం ఇతను మైనరు. నేను సంరక్షకురాలిని. మైనరు శిక్షణలో ఉన్నంతకాలం పని వేళల్లో సంరక్షకులు పక్కనే ఉండాలని తమరే రాశారు. నేను లేకుండా నిన్న సాయంత్రం నుంచి చంటాడి చేత పనిచేయించారు. దీన్ని బాల కార్మిక చట్టం అంటారో ఏమంటారో తమరికే తెలియాలి."

శరభలింగం మొహంలో రంగులు మారాయి. తీరా చూస్తే ఆయన రాసిందే, కింద ఆయన సంతకమే. ఒకసారి రాసిన దాన్ని ఆయన ఎన్నడూ కాదనలేదు. అది ఆయన గొప్పతనం. తన కుర్చీ పక్కనే కుర్చీ వేయించి, టీ తెప్పించాడు.

"రేపు కూడా వస్తానండి. రేపు నాకు పరీక్ష. మా అబ్బాయి కనెక్షను నుంచే హాజరు కావాలి. నంబరు ఎక్కడికెళ్లినా నంబరే కదా," అంది కనకవల్లి.

ఆయన ఆలోచించి, వినియోగదారు అభ్యంతరం చెప్పకపోతే తనకేం అభ్యంతరం లేదన్నాడు. ఇద్దరూ జాలేశ్వరరావు వైపు చూశారు. పచ్చదీపం మిణుకు మిణుకుమంది. అది అంగీకారమేనని ఆయన నమోదు చేశాడు.

పరీక్ష రోజు కనకవల్లి నేత చీర కట్టుకుని కూర్చుంది. తెరమీద ముగ్గురు పరీక్షకులు కనిపించారు. కనెక్షను నంబరు సరిపోయింది. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు, ఆ దరిదాపుల్లో అబ్బులు లేడు. మొదటి రెండు ప్రశ్నలకి ఆవిడ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మధ్యలో కూర్చున్న పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంది.

"ప్రజల పని జరగడానికి నియమం పెడతారు. కొన్నిచోట్ల ఆ నియమాన్ని కాపాడుకోవడమే పనైపోతుంది. పుస్తకం వదిలెయ్యండి. మీరు చూసిన ఉదాహరణ ఒకటి చెప్పండి."

కనకవల్లి కుర్చీలో ముందుకి జరిగింది. పిడుగు దగ్గర మొదలెట్టింది. ఎర్రదీపం చెప్పింది, లేచి నిలబడి సంతాపం తెలపడం చెప్పింది, ఉల్లిపాయలు చెప్పింది. ఒకాయన పెన్ను కింద పెట్టేశాడు. ఏడేళ్లు ఆగమన్నారని ఆవిడ చెప్తుండగా పక్క నుంచి శరభలింగం ఊరుకోలేకపోయాడు.

"అది చట్టం అమ్మా, మా సొంత నిబంధన కాదు. సరిగ్గా చెప్పాలి," అన్నాడు మెల్లిగా.

ఆవిడ సరిదిద్దుకుని పంచనామాకి వచ్చింది.

"రౌటరుకి క్లీన్ చిట్ ఇచ్చాం, ఆ ముక్క వదిలేశారు," అన్నాడాయన.

బారసాల దగ్గరికి వచ్చేసరికి ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "బొబ్బట్లు ఆఫీసు ఖర్చు కాదని కూడా చెప్పండమ్మా. రేపు ఆడిట్‌లో పట్టుకుంటారు."

తెరమీద పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది. గొంతు కటువుగా మారింది. "ఆగమ్మా. మీ పక్కన ఎవరో కూర్చుని జవాబులు అందిస్తున్నారు. పరీక్ష రద్దు చెయ్యాల్సి వస్తుంది. ఎవరాయన?"

గదిలో గుమాస్తాలందరూ తలలెత్తారు. కనకవల్లి కుర్చీ కొంచెం వెనక్కి జరిపింది. ఆవిడ కంప్యూటర్‌ని మెల్లిగా పక్కకి తిప్పింది. విభూతి, మూడు కలాలు, వెనకాల దండ వేసిన మోడెం ఫోటో, ఆ పైన బట్ట మీద రాసిన నినాదం, అన్నీ తెరలోకి వచ్చాయి.

"అందించడం లేదండి," అంది కనకవల్లి. "ఆయనే నా ఉదాహరణ."

శరభలింగం లేచి, చొక్కా సర్దుకుని, ముగ్గురికీ నమస్కారం పెట్టాడు. తన పేరు రాసుకునేటప్పుడు ముందు ‘శ్రీ’ మర్చిపోవద్దని మనవి చేశాడు. అవతల ఒకాయన తెరలోంచి మాయమయ్యాడు. నవ్వాపుకోలేక బల్ల కిందికి వంగాడని తర్వాత తెలిసింది. పెద్దావిడ మాత్రం నిబ్బరంగా, ఇంక ప్రశ్నలేమీ లేవు, వెళ్లి రండమ్మా అంది.

ఫలితాలు వచ్చాక సంస్థవారు ఊరుకోలేదు. పరీక్షకి హాజరైన కనెక్షను జాలేశ్వరరావుది కాబట్టి, శిక్షణలో ఉండగానే డిగ్రీ పూర్తి చేసిన మొట్టమొదటి పరికరంగా అతన్ని అభినందించారు. మేజరు కాకపోయినా పట్టభద్రుడయ్యాడని ఉద్యోగం ఖాయం చేసి, పదోన్నతి మీద గృహసేవా విభాగానికి మార్చారు. అలా మోడెం మళ్లీ కనకవల్లి ఇంటికే వచ్చింది. శరభలింగం స్వయంగా దండ వేసి తీసుకొచ్చాడు. రౌటరులో పచ్చదీపం వెలిగింది. పై వాటాలోంచి అబ్బులు చప్పట్లు వినిపించాయి.

కనకవల్లి అవేమీ పట్టించుకోలేదు. విశ్వవిద్యాలయం పంపిన కాగితం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. ప్రథమ శ్రేణి. ఆ పైన పేరు జాలేశ్వరరావుది కాదు, ఎవరి తాలూకు అనీ లేదు. కనకవల్లి అని ఉంది. ఆవిడ దాన్ని పైకి చదువుకుంది, కళ్లు తుడుచుకుని ఇంకోసారి చదువుకుంది. వంటింట్లో కొత్త కుక్కరు కూతలు వేస్తూనే ఉంది. వెళ్లి దాన్ని దించమని మొగుడితో చెప్పింది.